దీమం కూసే పొద్దు

అడవి పిట్టను రప్పించడానికి మచ్చిక చేసి పెంచుకున్న పిట్టను దీమం అంటారు. దీమం కూస్తుంది. ఆ కూత విని అదే జాతి అడవి పిట్ట బదులిస్తుంది, దగ్గరికొస్తుంది, ఉచ్చులో కాలు పెడుతుంది. ఈ మాట ఇప్పుడు నిఘంటువుల్లోనే కనిపిస్తుంది. పల్లెల్లో మరిగిన పిట్ట అనో, పెంపుడు పిట్ట అనో అంటే సరిపోయేది. నల్లగొండ, పాలమూరు చెలకల్లో ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల దాకా దీమం కూస్తూనే ఉంది. ఈ వేటకు తుపాకి అక్కర్లేదు, మందుగుండు అక్కర్లేదు, కుక్కలూ అక్కర్లేదు. ఒక వెదురు పంజరం, నాలుగు మూరల తాడుకు వరసగా కట్టిన ఉచ్చులు, నోట్లో ఈల ఉంటే చాలు. వీటికి తోడు, పిట్ట ఎప్పుడు ఎందుకు కూస్తుందో, ఎవరి కూతకు ఎలా బదులిస్తుందో తెలిసి ఉండాలి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఈ రెండు పాత జిల్లాలూ చాలా మటుకు కృష్ణకు ఉత్తరాన ఉన్న మెట్ట నేలలు. ఏడాది మొత్తం మీద కురిసే వాన 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. రాతి గుట్టలు, ఎర్ర చెలకలు, ఇసుక దుబ్బలు ఎక్కువ. జొన్న, సజ్జ, కొర్ర, ఉలవ, కంది, ఆముదం పండేవి. ఆముదానికి పాలమూరు, నల్లగొండ పెట్టింది పేరు. పొలాల మధ్య గట్లు వెడల్పుగా ఉండేవి. వాటి మీద రేగు, పరికి కంప, బలుసు, తంగేడు అల్లుకునేవి. ఊరి బయట పశువులు మేసే బంచరాయి, ఆ పైన సీతాఫలం చెట్ల గుట్ట. గుట్టల నడుమ వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన చెరువు, దాని కింద కుంటలు. పానగల్లు ఉదయసముద్రం లాంటి కాకతీయుల కాలపు చెరువుల నుంచి డిండి, కోయిల్‌సాగర్, సరళాసాగర్ లాంటి ఇరవయ్యో శతాబ్దపు జలాశయాల దాకా ఈ నేలలో నీళ్ళన్నీ ఇలా నిలిపినవే. మెట్టలో కౌజు, పూరేడు, గిర్జ పిట్ట. చలికాలం వస్తే నీళ్ళలో బాతులు. పిట్టలు పట్టేవాళ్ళకు పన్నెండు నెలలూ ఏదో ఒక పని ఉండేది.

పట్టేవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది పార్ధీలను. తెలంగాణ వెనుకబడిన కులాల జాబితాలో ‘ఏ’ గ్రూపులో ‘పార్ధి (నిర్షికారి)’ అని వీళ్ళ పేరు ఉంటుంది. ఆ రెండో పేరులో షికారు అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఉత్తరాది భాషల్లో పారధి అంటే వేటగాడు. వాళ్ళలో ఒక శాఖకు ఫాన్సే పార్ధీలని పేరు, ఫాన్సా అంటే ఉచ్చు. రెండో వాళ్ళు నక్కలోళ్ళు. తమిళనాడులో వీళ్ళనే కురువిక్కారన్ అంటారు, అంటే పిట్టలోడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే వాగ్రి బోలి గుజరాతీకి దగ్గరి భాష. తెలుగు ఊళ్ళో తెలుగు, ఉర్దూ వచ్చిన చోట ఉర్దూ, గుడారంలో వాగ్రి. పిట్టలతో మాత్రం పిట్టల భాష. వీళ్ళు కాక కొందరు బోయలు, పశువుల కాపరులు, చెరువుల మీద బతికే బెస్తలు కూడా తమ తమ పద్ధతిలో పిట్టలు పట్టేవాళ్ళు. అయితే దీమాన్ని గుడ్డు నుంచి పెంచి కుటుంబంలో ఒకరిలా చూసుకునే ఓపిక సంచార జాతుల వాళ్ళదే.

దీమపు వేటలో రాజు కౌజు. ఇంగ్లీషులో గ్రే ఫ్రాంకొలిన్ అనే బూడిద రంగు పిట్ట ఇది. 1860ల్లో భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం రాసిన థామస్ జెర్డన్ దీని తెలుగు పేరును కవుంజు అని రాసుకున్నాడు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసినవాడు కాబట్టి పిట్టలు పట్టే తెలుగువాళ్ళ నోటి మాటలు ఆయన పుస్తకంలోకి చేరాయి. ఈ మధ్య షెడ్లలో పెంచి అమ్మే జపాన్ క్వెయిల్‌ను కూడా కౌజు పిట్ట అంటున్నారు. అది 1974లో మన దేశానికి వచ్చిన వేరే జాతి. చెలకల్లో కూసే కౌజుకూ దానికీ సంబంధం లేదు. రెంటికీ ఒకటే పేరు పెట్టడంతో అసలు కౌజు ఏదో పిల్లలకు తెలియకుండా పోతోంది.

కౌజు ఎగరడం కన్నా పరుగెత్తడం మీద నమ్మకం ఎక్కువున్న పిట్ట. పావు కిలో బరువుంటుంది. ఒళ్ళంతా సన్నని చారలు, గొంతు కింద పసుపు ఛాయ, దాని చుట్టూ నల్లటి గీత. రాత్రిళ్ళు ముళ్ళ చెట్ల మీద పడుకుంటుంది. పగలు గింజలు, చెదలు, పురుగులు ఏరుకు తింటుంది. పుంజుకు కాలి వెనక ముల్లు ఉంటుంది, పెట్టకు సాధారణంగా ఉండదు. జతకట్టే కాలంలో ప్రతి పుంజూ తన కంప చుట్టూ కొంత నేలను తనదిగా చేసుకుంటుంది. పొద్దున, సాయంత్రం గుట్టబోరు మీదో రాయి మీదో నిలబడి ‘కతీతర్, కతీతర్’ అని గొంతెత్తి అరుస్తుంది. హిందీలో తీతర్ అన్న పేరు ఈ కూత నుంచే వచ్చింది. ఆ అరుపుకు అర్థం ఒక్కటే: ఈ జాగా నాది. ఆ జాగాలో వేరే గొంతు వినిపిస్తే ఊరుకోదు. మెడ బిగించి, రెక్కలు దించి, పరుగున వస్తుంది. దీమం పట్టుకునేది ఈ పౌరుషాన్నే. కౌజును ఆకలి చూపి రప్పించడం కష్టం. గింజ చల్లితే వస్తుంది గానీ బెదురుతూ వస్తుంది. పోరుకు పిలిస్తే మాత్రం బెదురు మరిచిపోయి వస్తుంది.

అందుకే దీమానికి పుంజే కావాలి. దాన్ని ఎక్కువగా గూటి నుంచే తెచ్చేవాళ్ళు. కౌజు నేల మీద గడ్డి కింద గుంటలో గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది ఉంటాయి. వాటిని నాటుకోడి కింద పొదిగేస్తే పద్దెనిమిది, పంతొమ్మిది రోజులకు పిల్లలవుతాయి. కోడిపిల్లల్లాగే పుట్టిన రోజే కళ్ళు తెరిచి పరుగెత్తే పిల్లలు. మొదటి రోజు నుంచి వాటికి మనిషి చెయ్యి అలవాటు కావాలి. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువగా ఈ పని చూసుకునేవాళ్ళు. రోజూ చెదల పుట్టను తవ్వి, మట్టి పెళ్ళలు తెచ్చి, వాటి ముందు విదిలిస్తే చెదలు రాలేవి. పిల్ల చెదలను ఏరుకుంటుంటే దాని తల మీద వేలితో రాసేవాళ్ళు. వానాకాలపు సాయంత్రాల్లో దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు దానికి పండగ. కొన్నాళ్ళకు పంజరం తలుపు తెరిచి వదిలినా పోదు. గుడారం వాళ్ళు దారిన నడుస్తుంటే వెనకాలే గునగునా నడిచొస్తుంది. మచ్చికైన కౌజు కుక్కలా యజమాని వెంట తిరుగుతుందని నూరేళ్ళకు పైబడి పక్షుల పుస్తకాలు రాస్తూ వచ్చాయి. చూసినవాళ్ళకు అందులో అతిశయం కనపడదు.

కొంచెం ఎదిగాక కూత వస్తుంది. ఇక్కడే పట్టేవాడి చెవికి పని. పిల్లల్లో ఏది ముందు కూస్తుంది, దేని గొంతు తెగకుండా సాగుతుంది, మనిషి దగ్గర్లో ఉన్నా ఏది బెదరకుండా కూస్తుంది అని చూసుకుని ఒక్కదాన్ని ఉంచుకునేవాళ్ళు. మిగతావి పోతులుగా పందేలకో, కూరకో అమ్ముడయ్యేవి. మంచి దీమం దొరకడం అంత తేలిక కాదు. అడవి పుంజు దగ్గరికి రాగానే భయపడి మూల నక్కే దీమం పనికిరాదు. కోపంతో పంజరాన్నే పొడుస్తూ కూత ఆపేసేదీ పనికిరాదు. అడవి పుంజు ఎదురుగా నిలబడినా ఆగి ఆగి కూస్తూ, దాన్ని ఇంకా రెండడుగులు ముందుకు లాగగలిగేది కావాలి. అలాంటి దీమాన్ని ఎంత డబ్బిచ్చినా అమ్మేవాళ్ళు కాదు.

పంజరం మీద గుడ్డ కప్పడం ఈ విద్యలో ముఖ్యమైన మెలకువ. గుడ్డ ఉన్నంతసేపూ దీమానికి చీకటే, చీకట్లో కూయదు. రాత్రంతా గుడ్డ కింద ఉన్న పుంజు, వెలుగు పడగానే లోపల అణిగి ఉన్న కూతంతా ఒక్కసారిగా బయట పెడుతుంది. అందుకే కోడి కూయకముందే గుడారం నుంచి బయల్దేరేవాళ్ళు. చేతిలో గుడ్డ కప్పిన పంజరం, భుజాన చిక్కం సంచి. ఏ బంచరాయిలో నిన్న సాయంత్రం కౌజు కూసిందో ముందే విని గుర్తు పెట్టుకున్నారు కాబట్టి చీకట్లో కూడా తిన్నగా అక్కడికే చేరతారు. కంప పక్కన, కొంచెం బయలుగా ఉన్న చోట పంజరం నేల మీద ఆనుతుంది. దాని చుట్టూ జానెడు ఎడంతో మేకులు దిగుతాయి, వాటి మీదుగా తాడు నడుస్తుంది. తాడుకు వరసగా ఉచ్చులు వేలాడతాయి. గుర్రపు తోక వెంట్రుకలు రెండు మూడు పేనితే బిగువుగా, మెత్తగా, మెరవకుండా ఉండేవి. నైలాన్ వచ్చాక ఆ వెంట్రుకలు వెతికే పని తప్పింది. ఉచ్చు నేలకు అంటకుండా, పిట్ట ఛాతీకీ కాలికీ మధ్య ఎత్తులో నిలవాలి. మరీ పైన ఉంటే మెడకు తగిలి పిట్ట చస్తుంది. మరీ కింద ఉంటే అడుగు దాని మీద పడి ఉచ్చు పడుకుంటుంది. ప్రాణంతో పట్టిన పిట్టకే విలువ కాబట్టి కాలికి తగిలేలా చూసుకునేవాళ్ళు.

ఇప్పుడు గుడ్డ తీసి, పట్టేవాడు వెనక్కి పాకి కంప చాటున బోర్లా పడుకుంటాడు. తూర్పున ఎరుపు. పంజరంలో పుంజు ఒకసారి ఒళ్ళు విదిల్చి, మెడ నిక్కించి, మొదటి కూత వేస్తుంది. గుట్ట మీద నుంచి బదులు రాదు. రెండో కూత. ఇంకా నిశ్శబ్దం. మూడో కూతకు ఎక్కడో ఆముదం చేను అంచున అడవి పుంజు గొంతు లేస్తుంది. ఇద్దరి మధ్యా మాటల పోరు మొదలవుతుంది. అడవి పుంజు కూత ప్రతిసారీ దగ్గరవుతుంది. దగ్గరైనదంటే పరుగెత్తి వస్తున్నట్టు. ఆ తర్వాత ఒక్కసారిగా దాని కూత ఆగిపోతుంది. అనుభవం లేనివాడు పిట్ట పోయిందనుకుని లేస్తాడు. అనుభవం ఉన్నవాడు శ్వాస కూడా బిగబడతాడు. కూత ఆగడం అంటే అది కంప చాటుకు వచ్చి పంజరాన్ని చూసిందన్నమాట. దీమం ఈసారి గట్టిగా కూయదు, కొంచెం గొంతు తగ్గించి కవ్విస్తుంది. అడవి పుంజు ఈకలు పొంగించి, తల నేలకు వంచి, బాణంలా వస్తుంది. నాలుగో అడుగులోనో అయిదో అడుగులోనో తాడు బిగుస్తుంది. పట్టేవాడు ఒక్క దూకుతో చేతి గుడ్డ దాని మీద వేసి అదిమి పడతాడు. అది గిలగిలా కొట్టుకుంటే మిగతా కౌజులు వారం రోజులు ఆ వైపు రావు. వెంటనే రెక్క ఈకలు ముడిచి చిక్కంలో వేసుకుంటాడు. దీమానికి గుప్పెడు చెదలు, మళ్ళీ గుడ్డ. ఇంకో జాగాకు నడక. ఎండ ఎక్కేలోగా మూడు జాగాలు తిరిగితే గొప్ప. ఆ పైన కౌజు కూయదు.

పంజరం లేని చోట నోరే దీమం. నాలుక మడిచి, రెండు వేళ్ళు పెదాల మీద పెట్టి, ఆకును పెదాల మధ్య బిగించి పిట్ట గొంతు తెచ్చేవాళ్ళు. పెట్ట కూతను పలికితే పుంజు వస్తుంది. పుంజు కూతను పలికితే పక్క జాగా పుంజు కొట్లాటకు వస్తుంది. గిర్జ పిట్టల సంగతి వేరు. అవి ఆరేడు కలిసి ఒక కుదురుగా ఒకే పొదలో ఉంటాయి. మనిషి అడుగు పడితే బాంబు పేలినట్టు ఒక్కసారిగా నలుదిక్కులకూ లేస్తాయి. అది వాటి రక్షణ. అయితే చెదిరిన కుదురు మళ్ళీ కలవాలి, దానికోసం సన్నని ఈలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పట్టేవాడు ఆ పొద దగ్గరే చతికిలబడి, కాసేపు ఆగి, అదే ఈల వేస్తాడు. కుటుంబం అక్కడ కలుస్తోందనుకుని ఒక్కొక్కటే గడ్డిలోంచి నడిచొస్తుంది. పోరు అవసరం లేదు, తోడు కోసం వచ్చే పిట్టలివి. నక్కలోళ్ళు నక్కను కూడా ఇలాగే దాని ఊళతో రప్పించేవాళ్ళని దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో అచ్చైన థర్స్టన్ పుస్తకం చెబుతుంది. వాళ్ళ పేరులో నక్క ఉండటానికి కారణం అదే.

పూరేడుతో కథ తలకిందులవుతుంది. ఈ చిన్న పిట్టలో పోట్లాడేది పెట్ట. కూసేదీ అదే, జాగా కాచేదీ అదే. గుడ్లు పెట్టి పోతుంది, పొదిగి పిల్లల్ని పెంచే పని పోతుది. పెట్ట కూత బండి చక్రం దూరంగా దొర్లుతున్నట్టు బుర్రుమంటూ వినిపిస్తుంది. పక్షిశాస్త్రం ఈ తలకిందుల కాపురాన్ని పుస్తకాల్లోకి ఎక్కించేలోపే పట్టేవాళ్ళకు అది తెలుసు, ఎందుకంటే వాళ్ళు దీమానికి పెట్టనే పెట్టేవాళ్ళు. దక్షిణాదిలో తాను చూసిన ఈ పద్ధతిని జెర్డన్ వివరంగా రాశాడు. పంజరానికి పక్కనే ఒక రహస్యపు అర, దాని మూతకు ఊచల మధ్యగా కట్టిన దారం. లోపలి పెట్ట కూస్తుంది. విన్న పెట్టలు పరుగున వచ్చి ఊచల మీద కలబడతాయి, దారం తెగుతుంది, మూత పడుతుంది, చిన్న గంట మోగుతుంది. దాక్కున్న మనిషి వచ్చి పిట్టను తీసి, పంజరాన్ని మరో చోట పెడతాడు. అలా ఒక్క రోజులో పన్నెండు నుంచి ఇరవై దాకా పట్టిన సందర్భాలున్నాయని, అన్నీ పెట్టలేనని, వాటిలో చాలా మటుకు గుడ్డు పెట్టబోయే దశలో ఉండి సంచిలోనే గుడ్లు పెట్టేసేవని ఆయన రాశాడు. ఈ చివరి మాట చదివితే మనసు చివుక్కుమంటుంది. ఎంత తెలివైన విద్య అయినా దాని కొస ఆ సంచిలోనే ఉంది.

నీటి పిట్టలకు ఈ లెక్కలేవీ పనికిరావు. చలికాలంలో చెరువు మీద దిగే బాతులకు జాగా పట్టింపు ఉండదు, కొట్లాట ఉండదు. వాటికి కావాల్సింది గుంపు. తమలాంటివి పది ఒకచోట నిమ్మళంగా ఉంటే అక్కడ భయం లేదని నమ్ముతాయి. కార్తీకం దాటాక ఉత్తరాది నుంచి సూదితోక బాతులు, బాపన బాతులు, చిన్న చిన్న పరజలు చెరువు శిఖం భూముల అంచున దిగేవి. మన నేల వదలకుండా ఏడాదంతా ఉండేది ఎర్ర చిలువ. పగలంతా నీళ్ళలో కునుకు తీసి, రాత్రి మేతకు లేచి, ఎగిరినంతసేపూ ఈల వేస్తుంది. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వర్ణించిన నిద్రపోతున్న బాతుల గుంపు తెలుగు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తల రెక్కల్లో దాచుకుని కాలువ గట్టున నిద్రపోతున్న బాతులను చూసి, స్నానాలకు వచ్చినవాళ్ళు మరిచిపోయిన తడి బట్టలనుకుని తలారి నీళ్ళలో దిగుతాడు. అవి లేచిపోతాయి. చేను కాస్తున్న ఆడపిల్లలు నవ్వుతారు. నిద్రలో ఉన్న బాతు కూడా ఎంత జాగ్రత్తగా ఉంటుందో ఆ ఘట్టం చెబుతుంది.

అంత జాగ్రత్త గల పిట్టను వట్టి చేతులతో పట్టే కుండ పద్ధతి మన దేశంలో చాలా చోట్ల ఉండేది. ముందు రోజుల్లో చెరువు మీద మూడు నాలుగు ఖాళీ కుండలనో, ఎండిన సొరకాయ బుర్రలనో వదిలేసేవాళ్ళు. అవి గాలికి అటూ ఇటూ తేలుతుంటే బాతులు మొదట దూరం జరుగుతాయి, రెండో రోజు పట్టించుకోవు, మూడో రోజు వాటి పక్కనే ఈదుతాయి. అప్పుడు పట్టేవాడు కళ్ళ దగ్గర చిల్లులు పెట్టిన కుండను తలకు బోర్లించుకుని, మెడ దాకా నీళ్ళలో దిగి, గాలి ఎటు వీస్తే అటే అడుగులు వేస్తాడు. గాలికి ఎదురు నడిస్తే ఆట ముగిసినట్టే, ఎందుకంటే ఏ కుండా గాలికి ఎదురు రాదు. గుంపు మధ్యకు చేరాక నీళ్ళ కింది నుంచి చెయ్యి చాచి, ఒక బాతు కాళ్ళు పట్టి కిందికి లాగుతాడు. బాతులకు మునగడం అలవాటే కాబట్టి పక్కవి అనుమానపడవు. నడుముకు కట్టుకున్న తాడుకు దాన్ని తగిలించి ఇంకోదాని దగ్గరికి జరుగుతాడు. చలికాలపు తెల్లవారుజామున మెడదాకా నీళ్ళలో గంటసేపు మెల్లగా కదలడమంటే మామూలు సంగతి కాదు. జమ్ము వేళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి, జలగలు పడతాయి, బురద లాగుతుంది. మెట్ట చెరువులు లోతు తక్కువగా, అంచులు పల్లంగా సాగి ఉండటం ఈ పనికి కలిసొచ్చే సంగతి.

బాతులను ఇలా నమ్మించి పట్టడం ప్రపంచమంతటా ఉంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో రెల్లుతో అల్లి రంగులద్దిన బాతు బొమ్మలు దొరికాయి, వాటి వయసు దాదాపు రెండు వేల ఏళ్ళు. హాలండ్‌లో మడుగు నుంచి వంపు కాలువలు తవ్వి, వాటి మీద వలలు పరిచి, పెంపుడు బాతులను ముందు వదిలేవాళ్ళు. తడికెల చాటున ఒక చిన్న కుక్క కనపడీ కనపడకుండా తిరుగుతుంటే, అదేమిటో చూద్దామని అడవి బాతులు దాని వెంట వల కిందికి ఈదేవి. దీమానికి ఇంగ్లీషు వాళ్ళు వాడే ‘డికాయ్’ అన్న మాట పంజరమనే అర్థం ఉన్న డచ్చి మాట నుంచి వచ్చిందే. అమెరికాలో ప్రాణమున్న బాతులను దీమంగా కట్టడాన్ని 1935లో నిషేధించారు. అవి అంత బాగా పనిచేసేవి.

నిజాం కాలంలో దొరలు, అధికారులు చెరువుల మీద చేసిన షికారుకు ఈ నైపుణ్యంతో పని లేదు. తుపాకులు గట్టు మీద, బాతులను లేపే మనుషులు నీళ్ళలో. చెరువు నేలను ఎరిగిన పల్లె వేటగాళ్ళు దారి చూపే కూలీలుగా, పడిన పిట్టను తెచ్చే చేతులుగా మిగిలేవాళ్ళు. ఆ షికారు వేషాన్ని పల్లె తన పద్ధతిలో తిప్పిచ్చింది. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకితో ఇంటింటికీ వచ్చి కోతలు కోసే పిట్టల దొర తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాడు. తుపాకి దొరల పక్షుల జ్ఞానం ఎంతో ఆ వేషం చూసి నవ్వినవాళ్ళకు బాగా తెలుసు. 1931–32లో హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే చేసిన సలీం అలీ అమ్రాబాద్ పీఠభూమి మీద మన్ననూరు, ఫరహాబాద్‌లలో కూడా విడిది చేశారు. ఈ నేల పక్షుల మీద శాస్త్రీయమైన లెక్క అప్పుడు మొదలైంది. ఉచ్చులు వేసే చేతుల్లో ఉన్న లెక్క మాత్రం ఏ పుస్తకంలోకీ పూర్తిగా ఎక్కలేదు.

పట్టిన పిట్టలకు అంగడి ఉండేది. కాళ్ళు కట్టిన కౌజులను కట్టెకు వేలాడదీసి వారం అంగళ్ళలో, హైదరాబాదు దారుల పక్కన అమ్మేవాళ్ళు. ఊళ్ళో అయితే జొన్నలకో, పాత బట్టలకో మారేవి. పట్నంలో మహబూబ్ చౌక్ ముర్గీ చౌక్‌కు చేరిన కౌజుల్లో కొన్ని పందెం పుంజులయ్యేవి. రాబడి ఎప్పుడూ సన్నదే. ఈ పని చేసిన కుటుంబాల్లో గుడారం దాటి ఇల్లు కట్టుకున్నది చాలా తక్కువ మంది. 1871 నాటి నేర జాతుల చట్టం కింద దేశంలో పలుచోట్ల పార్ధీలను పుట్టుకతోనే దొంగలుగా రాసి పెట్టారు. ఆ చట్టం 1952లో పోయినా, ఊరికి కొత్తగా గుడారం వేసినవాడిని చూసే చూపు వెంటనే మారలేదు.

దీమం కూత ఆగడానికి కారణాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటిది నేల. గట్లు కొట్టి చేన్లు కలిపారు. ఆముదం, సజ్జ, కొర్ర పోయి పత్తి వచ్చింది, పత్తితో పాటు పురుగుమందు వచ్చింది. కౌజు పిల్ల మొదటి వారాల్లో తినేది పురుగులే. బంచరాయిలు కొంత ఆక్రమణల్లో, కొంత ప్లాట్లలో కలిసిపోయాయి. మిగిలిన చోట సర్కారు తుమ్మ అల్లుకుంది. పొదలు లేని చోట పిట్ట లేదు, పిట్ట లేని చోట దీమానికి పని లేదు. రెండోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వేటను పూర్తిగా ఆపలేదు. లైసెన్సులు నాలుగు రకాలుండేవి, అందులో ఒకటి జంతువులను ఉచ్చు వేసి పట్టడానికి ఇచ్చేది. 1991 సవరణ ఆ లైసెన్సులన్నిటినీ తీసేసింది. వేట అన్న మాటకు చట్టం చెప్పిన అర్థంలో చంపడమే కాదు, ఉచ్చు వేయడం, ఎర చూపి రప్పించడం, గుడ్లు పాడు చేయడం కూడా ఉన్నాయి. గూటి నుంచి గుడ్డు తేవడంతో మొదలై ఉచ్చుతో ముగిసే దీమపు వేటలో ప్రతి మెట్టూ ఇప్పుడు నేరమే.

ఆ చట్టం న్యాయమైనదే. జెర్డన్ సంచిలోని గుడ్లు గుర్తున్నవాళ్ళెవరూ దానికి అడ్డు చెప్పరు. నేల సగం పోయాక మిగిలిన పిట్టలను కాపాడుకోక తప్పదు. దేశదేశాల్లో ఇప్పుడు ఫోనులో రికార్డు చేసిన కూతను స్పీకరులో మోగించి పిట్టలను పట్టేవాళ్ళున్నారు. అందులో పెంపకం లేదు, ఓపిక లేదు, రాత్రంతా గుడ్డ కింద దాచిన కూత లేదు. అలాంటి దోపిడీని ఆపడానికి చట్టం ఇంకా గట్టిగా నిలబడాలి. నష్టం ఇంకోచోట జరిగింది. చట్టం వేటను ఆపింది, వేటగాడికి వేరే బతుకు చూపలేదు. వాడి చెవిలో ఉన్న పక్షుల జ్ఞానాన్ని అడిగి రాసుకున్నవాళ్ళు కూడా చాలా తక్కువ. ఏ కూతకు పుంజు వస్తుంది, ఏ కూతకు పెట్ట వస్తుంది, కౌజు కూత ఎందుకు ఆగింది, కుదురు చెదిరాక ఎంతసేపటికి కలుస్తుంది, గాలి ఎటుంటే బాతు ఎటు చూస్తుంది, ఇవన్నీ తరాలుగా పోగుపడిన పరిశీలనలు. పక్షుల లెక్క తీయడానికి ఇప్పుడు యూనివర్సిటీల వాళ్ళు నేర్చుకుంటున్నవి కూడా ఇవే.

దీమం పెంచిన చేతులు పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఆ తరం వాళ్ళు అరవై దాటినవాళ్ళు. వాళ్ళను నేరస్థులుగా కాక తెలిసినవాళ్ళుగా చూసి, దగ్గర కూర్చుని, పిట్టల పేర్లు, కూతలు, కాలాలు వాళ్ళ నోటి మాటల్లోనే రికార్డు చేసుకోవాలి. తెలుగు పక్షుల పేర్ల మీద, జానపద విజ్ఞానం మీద పనిచేసేవాళ్ళు, కాలేజీ విద్యార్థులు, అటవీ శాఖ వాళ్ళు ఎవరైనా ఈ పని చేయవచ్చు. ఈ పనికి పంజరం అక్కర్లేదు, ఒక ఫోను చాలు.